గూడబాతు ఇచ్చిన ఈకలు

చిత్తడివనం అనే అడవిని కొమ్మలేరు రెండుగా చీల్చింది. అక్కడి ఉడుతలకు, తొండలకు, పందికొక్కులకు, చుంచెలుకలకు ఇళ్లు ఒక గట్టున, తిండి రెండో గట్టున. ఎండాకాలంలో ఇసుక మీద నడిచి దాటేవి. వానాకాలంలో మాత్రం గూడబాతే దిక్కు. అది తన ముక్కు కింది సంచిలో ముగ్గురిని కూర్చోబెట్టుకుని ఎగిరేది.

ఊరికే కాదు. ముందుగా దాని ఒంటి మీద పురుగులు ఏరాలి. ఏరినవారికి తన రెక్కలోంచి ఒక ఈక పీకి ఇచ్చేది. ఈక ఉంటే సంచిలో చోటు ఉన్నట్టే.

అయితే అది ఉన్న చోటుకు మించి ఈకలు ఇచ్చేది. "ఎవరో ఒకరు రారులే. ఖాళీ సంచితో ఎగరడం నాకు నామోషీ" అనేది. పైగా ఎంతమంది ఏరితే ఒంటికి అంత సుఖం.

ఒక సాయంత్రం, ఆ రోజు ఈకలు పుచ్చుకున్నవారంతా వచ్చారు. తొండ, పందికొక్కు అన్నదమ్ములిద్దరు, తిండి కోసం వచ్చిన చుంచెలుక. వాన ఆగడం లేదు. అవతలి గట్టు కింద బొరియలో చుంచెలుక పిల్లలు ఇంకా కళ్లయినా తెరవలేదు. నీళ్లు బొరియ దాకా రాకముందే ఆమె చేరాలి. అందుకే అందరికంటే ముందు వచ్చి సంచిలో కూర్చుంది.

గూడబాతు అందరినీ ఒకసారి చూసింది.

"చుంచమ్మా, నువ్వు దిగు."

"ఎందుకు?"

"తొండగారు పెద్దమనిషి. ఈ అన్నదమ్ములు విడిగా వెళ్లరు. నీ దగ్గరేమో వాసన. ఆడదానివి, కాస్త సర్దుకుపోవాలి."

"మొన్న నిండు చూలాలు ఉడుతను దింపావు. నిన్న ముసలి ఎలుకమ్మను దింపావు. సర్దుకునే వంతు తొండగారికి ఎప్పుడొస్తుంది?"

తొండ తల ఊపింది. తొండ ఎప్పుడూ తల ఊపుతుంది. దాన్ని ఒప్పుకోవడం అనుకోకూడదు.

"మర్యాదగా చెబితే వినవా?" అంది గూడబాతు.

"మర్యాదగానే కూర్చున్నాను. ఇదిగో నువ్విచ్చిన ఈక. నీ రెక్క ఎప్పుడైనా చూసుకున్నావా? పురుగులు ఏరుతూ చూశాను, అందులోంచి ఆకాశం కనబడుతోంది. ఇన్ని ఈకలు పీకేస్తే ఇక అది ఎవర్ని మోస్తుంది?"

గూడబాతు సంచి వంచి ఆమెను బురదలో పడేసింది. మిగిలినవారిని ఎక్కించుకుని ఎగిరిపోయింది.

చుంచెలుకకు ఏడ్చే తీరిక లేదు. పొద కింద ఇంకా ఈకలు పట్టుకుని కూర్చున్న ఉడుత, ఎలుకమ్మల దగ్గరకు వెళ్లింది.

"అక్కా, అవ్వా, ఈ ఈకలు మనకు చోటు ఇవ్వలేదు. తెడ్లుగానైనా పనికొస్తాయి, లేవండి."

ఉడుత జీలుగు కొమ్మ కొరికింది. ఆ బెండు నీళ్లలో మునగదు. ముగ్గురూ దాన్ని ఏట్లోకి తోసి, ఎక్కి, పెద్ద ఈకలతో తోయసాగారు.

"మా కాలంలో ఆడవాళ్లు ఏరు దాటడమే తప్పు. ఇప్పుడు నేను తోస్తున్నాను చూడు" అంది ఎలుకమ్మ.

నడి ఏట్లో గూడబాతు కనబడింది. బోసిపోయిన రెక్క బరువు మోయలేక అది నీళ్లలో పడి, సంచిలోవాళ్లను వదిలేసి గట్టు వైపు ఈదుకుపోతోంది. తొండ, పందికొక్కులు మునిగిన చెట్టు కొమ్మను పట్టుకుని వేలాడుతున్నాయి.

"మమ్మల్నీ ఎక్కించుకో తల్లీ" అన్నాయి.

"ఇప్పుడు చోటు లేదు. లేని చోటు ఉందని చెప్పను. కొమ్మ గట్టిదే, పైకెక్కి కూర్చోండి. పిల్లల్ని తీసి మళ్లీ వస్తాను."

బొరియ అంచును నీళ్లు తాకుతున్నాయి. మొదటి పిల్ల తల్లి తోక దగ్గర కరుచుకుంది. ఒకదాని వెనక ఒకటి అలాగే కరుచుకుని, గుడ్డిగానే, గొలుసులా గట్టెక్కాయి. అప్పుడు ఆమె అన్నట్టే తిరిగి వెళ్లి, కొమ్మ మీదివారిని ఒక్కొక్కరినే తెచ్చింది. ముందుగా చిన్న పందికొక్కును. తొండగారు చివరిదాకా సర్దుకున్నారు.

ఆ వానాకాలమంతా చుంచెలుక బెండే అడవిని ఏరు దాటించింది. చోటుంటే రమ్మనేది, లేకపోతే లేదని ముఖం మీదే చెప్పేది. ఆమె వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు.

గూడబాతుకు ఈకలు మళ్లీ వచ్చాయి. పురుగులు కూడా వచ్చాయి. ఏరేవాళ్లు లేక రాతికి వీపు రుద్దుకుంటూ నిలబడింది.

నీతి: లేని చోటును పంచిపెట్టి, చివరికి నోరులేదనుకున్న వాళ్లను సర్దుకోమనే వారి రెక్కలను నమ్మకూడదు, నలుగురం కలిసి మన తెడ్డు మనమే పట్టుకోవాలి.