మేజోడు మొనలో ముడి

మబ్బులు గుమ్మం దాకా వచ్చి పలకరించిపోయే మంచుపాలెం అనే కొండ ఊళ్లో పైడమ్మ ఉండేది. ఏ పనైనా పండగలా మొదలుపెట్టేది, ముగించేటప్పుడు మాత్రం ఇల్లు తగలబడుతున్నట్టు కంగారుపడేది. ఆమె ముగ్గు వేస్తే చివరి గీత వంకర. పాట పాడితే ఆఖరి చరణం గొణుగుడే.

ఆమెకు ఊలు అల్లడం నేర్పింది మంత్రసాని వరహాలమ్మ. రోడ్లు రాని రోజులవి. చుట్టుపక్కల కొండల్లో పుట్టే ప్రతి బిడ్డనూ మొదట పట్టుకునేవి వరహాలమ్మ చేతులే. నొప్పులు పడే తల్లి పక్కన కూర్చుని, పుట్టబోయే బిడ్డకు నిదానంగా టోపీ అల్లుతూ ఉండేది. చూపు మందగించాక ఆ సూదులు పైడమ్మ చేతికిచ్చేసింది.

ఆ ఏడు చలి బాగా ముదిరింది. వరహాలమ్మ కొడుకు తన పాత బూట్లు తల్లికిచ్చాడు. అవి ఆమె పాదాలకు మరీ వదులు.

"మందంగా మేజోళ్లు అల్లిపెడతాను మామ్మా, బూట్లు చక్కగా పడతాయి" అంది పైడమ్మ.

అల్లింది కూడా. మడమ ఎంతో ముచ్చటగా కుదిరింది. రెండో మేజోడు వేళ్ల దగ్గరకు వచ్చేసరికి సూదుల మీద రెండు వరసల ఊలు ఉచ్చులు ఎదురెదురుగా మిగిలాయి. వాటిని మొద్దు సూదితో, మధ్యలో ఇంకో వరస అల్లినట్టే కలపాలి. చేత్తో తడిమినా అతుకు తెలియకూడదు. వరహాలమ్మ అది ఎప్పుడో నేర్పింది. కానీ పైడమ్మ మనసు అప్పటికే కొత్త శాలువా మీదికి పోయింది. ఉచ్చులన్నిటినీ ఒకే దారానికి గుచ్చి, బస్తా మూతి బిగించినట్టు లాగి ముడేసింది.

"లోపల ఏటో గట్టిగా తగుల్తోందే అమ్మీ" అంది వరహాలమ్మ.

"నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది మామ్మా."

పాపం, ముసలామె నమ్మింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున పైడమ్మ మరిది, చెల్లెలు బంగారి భర్త, కొండ అవతలి నుంచి పరుగున వచ్చాడు. "వదినా, మీ చెల్లికి నొప్పులొచ్చేసాయి. ఆలస్యం అమృతం విషం, మామ్మను తీసుకుని తొరగా రా!" అని, భార్య ఒంటరిగా ఉందని వెంటనే వెనక్కి పరుగెత్తాడు.

పైడమ్మ, వరహాలమ్మ బయలుదేరారు. మంచులో దారి లేదు, కొండ లేదు, ఆకాశమూ లేదు. ఎక్కడో కోడి కూసింది, ఏ ఊరి కోడో తెలియలేదు. మేకల గంటలు వినిపించాయి గానీ మేకలు కనిపించలేదు. నిద్రలో నడుస్తున్నట్టే ఉంది పైడమ్మకు. పక్కన వినిపిస్తున్న బూట్ల చప్పుడు ఆగేదాకా ఆ నిద్ర వదలలేదు.

వరహాలమ్మ ఒక రాతి మీద కూలబడింది. "ఇంక నడవలేనే అమ్మీ."

పైడమ్మ బూటు విప్పింది. బొటనవేలి మీద బొబ్బ చితికి, మేజోడు మొన ఎర్రబడింది. లోపల ముడి గులకరాయిలా గట్టిగా ఉంది. పైడమ్మ దాన్ని వేలితో తడిమి చూసింది.

"నా వల్లే మామ్మా" అని ఏడ్చింది.

"ఏడుపు తరవాత. మేజోడు లేకపోతే బూటు నిలవదు, బూటు లేకపోతే ఈ మంచు గడ్డిలో నేను కొండెక్కలేను. ముడి విప్పి సరిగ్గా కలుపు."

"ఇప్పుడా? అక్కడ బంగారి..."

"ఇప్పుడే. మళ్లీ ముడేస్తే మళ్లీ ఇలాగే కూకుంటాం."

పైడమ్మ కొంగుకు గుచ్చిన మొద్దు సూది తీసింది. ముడి విప్పితే ఉచ్చులు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. ఈ వరసలో ఒకటి, ఆ వరసలో ఒకటి, బిగించకుండా, వదిలేయకుండా. మంచు ఆమె చుట్టూ చేరి వంగి చూస్తున్నట్టు అనిపించింది. అందులోంచి చెల్లెలి కేక వినబడినట్టయింది. ఇంకా కొన్ని ఉచ్చులే మిగిలాయి. లాగి ముడేసి పరుగెత్తమని చేతులు తొందరపెట్టాయి. పైడమ్మ కళ్లు మూసుకుని ఒక్క ఊపిరి పీల్చుకుంది. తర్వాత ఆ కొన్నిటినీ మొదటివాటిలాగే కలిపింది.

వరహాలమ్మ వేలికి గుడ్డపీలిక చుట్టి మేజోడు తొడుక్కుంది. "ఇప్పుడు అతుకే తెలీట్లేదు" అంటూ లేచి నడిచింది.

వాళ్లు చేరేసరికి బిడ్డ బయటికి వస్తోంది. మెడకు పేగు చుట్టుకుని ఉంది. వరహాలమ్మ వేళ్లు దాన్ని మెల్లగా తప్పించాయి. నీలంగా ఉన్న బిడ్డ కాసేపు కదల్లేదు. ఆ తర్వాత గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని పైడమ్మ కూడా భోరుమంది.

"ఇంతసేపేటక్కా? దారి కనపడలేదా?" అని నీరసంగా అడిగింది బంగారి.

"దారి తప్పు కాదే, తప్పు నాది" అని పైడమ్మ జరిగిందంతా చెప్పింది.

వరహాలమ్మ బొటనవేలు నిమురుకుంటూ నవ్వింది. "ఇల్లు అలకగానే పండగ కాదే అమ్మీ. ఊఁ, ఈ పిల్లకి టోపీ మొదలెట్టు. ముగించేటప్పుడు నేనూ పక్కనే కూకుంటాను."

నీతి: మొదటి వరసకు ఇచ్చిన ఓపికనే చివరి వరసకూ ఇవ్వాలి, ముగింపులో మనం పడే తొందర మరొకరి దారిలో ముల్లవుతుంది.