గోరింక మోసుకెళ్లిన ఉచ్చుల కబురు

అనగనగా ఒక అడవి. పొద్దు గూకితే చాలు, ఆ అడవికి భయం. వేటగాళ్లు వచ్చి దారుల్లో ఉచ్చులు పెట్టి పోయేవాళ్లు. ఈ రోజు వాగు గట్టున పెడితే రేపు ఇప్పచెట్ల కింద. ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలిసేది కాదు, ఒక్క ముంగిసకు తప్ప.

ముంగిస తెల్లారకముందే లేచేది. పిల్లల్ని పుట్టలో ఉంచి, నేలకు ముక్కు ఆనించి దారి దారీ వాసన చూసేది. ఎండ రాగానే పుట్ట ముందు కూర్చుని ఉచ్చులు ఎక్కడున్నాయో చెప్పేది. వినడానికి వచ్చినవాళ్లు తోచింది పెట్టి పోయేవాళ్లు. ఓ పీత, ఓ పండు, ఓ మిడత. తిరగడంతోనే అలిసిపోయే ముంగిసకు మళ్లీ వేటకు పోయే ఓపిక ఎక్కడిది? వాళ్లు పెట్టిందే తనకూ పిల్లలకూ తిండి.

రోజూ వచ్చేవాళ్లలో ఒక గోరింక ఉండేది. మంచిదే పాపం, కానీ కుదురు లేదు. కొమ్మ మీద కాలు నిలవదు, నోట్లో మాట నిలవదు. ఏది విన్నా పొల్లు పోకుండా అప్పజెప్పేది.

వాగు అవతల వెదురుపొద దగ్గర రోజూ కొందరు కూడి కబుర్లు చెప్పుకునేవాళ్లు. వాళ్లకు ఉచ్చుల సంగతి తెలియదే అని గోరింక మనసు కొట్టుకుంది. రివ్వున ఎగిరిపోయి, ముంగిస చెప్పినదంతా మొదటి నుంచి చివరి దాకా చెప్పేసింది. ఇది నా మాట కాదు, మా ముంగిసత్త మాట అని కూడా అంది. అందరూ మెచ్చుకున్నారు. ఇంకేం, అప్పటి నుంచి అదే పని.

ఆ సంగతి ఇవతలి వాళ్లకు తెలిసింది. వాళ్లలో ఒక కుందేలు నవ్వింది.

“పండు పట్టుకుని పుట్ట దాకా నడవడం ఎందుకు? గోరింకమ్మ నోరు ఉండగా!” అంది.

మర్నాడు పుట్ట దగ్గరికి సగం మందే వచ్చారు, మిగతావాళ్లు వెదురుపొద దగ్గరికి పోయారు. ఆ మర్నాడు గోరింక కాక ఒక్క ముసలి తాబేలే వచ్చింది. ఆ తర్వాత గోరింక ఒక్కటే వచ్చింది. తన మిడతను పెట్టింది. ముంగిస పిల్లలు ఆ ఒక్క మిడత కోసం కొట్టుకున్నాయి. గోరింక అది చూసింది. అయినా ఆగలేదు. అక్కడ వెదురుపొద దగ్గర అందరూ ఎదురు చూస్తుంటారు కదా!

మరుసటి పొద్దున పుట్ట ముందు ఎవరూ లేరు. అమ్మ పురుగుల కోసం పోయిందని పిల్లలు చెప్పాయి.

గోరింక వెదురుపొద మీద వాలింది. చెప్పడానికి ఏమీ లేదు. ఈ కొమ్మ మీది నుంచి ఆ కొమ్మకు, ఆ కొమ్మ మీది నుంచి ఈ కొమ్మకు మారింది. కుందేలు విసిగిపోయింది. కబురు లేదంటే ఉచ్చులూ లేనట్టేనని లేతగడ్డి కోసం బయలుదేరింది.

కాసేపటికి కీచుమని అరుపు వినిపించింది.

కుందేలు కాలు ఉచ్చులో పడింది. లాగేకొద్దీ తాడు బిగుస్తోంది. గోరింక ముక్కుతో పొడిచింది. తెగలేదు. అడవంతా వెతుకుతూ ఎగిరింది. చివరికి ఒక మోడు కింద తవ్వుకుంటున్న ముంగిస కనిపించింది. సంగతి వినగానే ముంగిస నోట్లోని పురుగును అక్కడే వదిలి పరుగెత్తింది. పళ్లతో తాడు కొరికింది. కుందేలు ప్రాణం దక్కింది. కాలు మాత్రం వాచిపోయింది.

గోరింక ఏడుస్తూ, “ఈ పొద్దు దారులు చూడలేదేం అత్తా?” అంది.

“పిల్లలు ఆకలని ఏడ్చారు. నేను దారులు చూడనా, వాళ్ల కడుపు చూడనా?” అంది ముంగిస.

కుందేలు తల దించుకుంది. పుట్ట దగ్గరికి రాకపోయినా కబురు వినడం మానలేదనీ, గోరింక దగ్గరే వింటున్నాననీ మెల్లగా చెప్పింది.

“నేను దొంగతనం చేయలేదత్తా,” అంది గోరింక. “రోజూ నీ పేరు చెప్పాను.”

“అందరికీ నా పేరు చెప్పావు. నువ్వు చెబుతున్నావని నాకు మాత్రం చెప్పలేదు. ఒక్క మాట అడిగుంటే, ఎంత చెప్పాలో ఎవరికి చెప్పాలో నేనే చెప్పేదాన్ని కదే పిల్లా.”

గోరింక రెక్కలు ముడుచుకుంది. మొదటిసారి కదలకుండా కూర్చుంది.

“ఇప్పుడు అడుగుతున్నాను అత్తా. చెప్పమంటే చెబుతా, వద్దంటే మానేస్తా.”

ముంగిస ఆలోచించింది. పసిబిడ్డలతో కదల్లేని తల్లులకు కబురంతా చెప్పమంది. కాళ్లూ రెక్కలూ ఉన్నవాళ్లను పుట్ట దగ్గరికే పంపమంది.

అప్పటి నుంచి గోరింక వెదురుపొద దగ్గర ఒక్క మాటే చెప్పేది. “ముంగిసత్త దారులు చూసొచ్చింది. పోయి వినండి.” తెలిసీ చెప్పదు, గర్వం పెరిగిందని కొందరు సణిగారు. కొందరు మళ్లీ పుట్ట ముఖం చూడనే లేదు. గోరింకకు నాలుక దురద పెట్టేది. కొమ్మలు మారేది. నోటి దాకా వచ్చిన మాటను మింగేసి, ఆ తల్లుల దగ్గరికి ఎగిరిపోయేది.

మిగిలినవాళ్లు మాత్రం పండో మిడతో పట్టుకుని పుట్ట దగ్గరికి రావడంతో, ముంగిస మళ్లీ తెల్లారకముందే లేచి దారులు చూస్తోంది.

నీతి: పదిమందికి మేలు చేయాలన్నా సరే, ఒకరు కష్టపడి తెచ్చినదాన్ని పంచే ముందు వాళ్లను అడగాలి. పేరు చెప్పడం వేరు, అనుమతి అడగడం వేరు.