తేలికైన కాడి

అనగనగా, ఎడ్లకు మాటలు వచ్చిన రోజుల్లో, నల్లరేగడి నేలల మీద ఒక ఇంటిబండి తిరుగుతూ ఉండేది.

ఇంటిబండి అంటే ఏమిటని అడుగుతారేమో. బండే ఇల్లన్నమాట. చక్రాల మీద తొట్టి, తొట్టి మీద వెదురుచాపల గూడు, గూట్లో ఒక దీపం, ఒక కుండ, ఒక చాప. అందులో సుంకన్న, అతని భార్య తిప్పమ్మ కాపురముండేవారు. పూసలు, దువ్వెనలు, సూదులు ఊరూరా అమ్ముకుని బతికేవారు. ఎక్కడ పొద్దుగూకితే అదే వాళ్ళ ఊరు.

బండికి రెండు ఎడ్లు. ఎడమవైపు పుల్లడు, కుడివైపు కర్రి. కర్రిని ఈనగానే వాడి తల్లి చచ్చిపోతే, తిప్పమ్మే వెదురుగొట్టంతో జావ పోసి బతికించింది. అందుకే పుల్లడు ఆమెను తిప్పమ్మా అనేవాడు గానీ, కర్రి మాత్రం నోరారా అమ్మా అని పిలిచేవాడు.

బండి తోలేవాళ్ళకు ఒక అలవాటుంది. సామానంతా సర్దాక, ఎడ్లను కట్టకముందు, కాడిని చేత్తో ఎత్తి చూస్తారు. ఎందుకో చెప్తాను, జాగ్రత్తగా వినండి. మీరు ఊగుడుబల్ల ఎక్కారు కదా? ఈ చివర బరువెక్కువైతే ఇది దిగుతుంది, ఆ చివర ఎక్కువైతే అది దిగుతుంది. బండీ అంతే. నడుమ ఇరుసు, దాని మీద ఊగే బల్ల బండి. సామాను ముందుకు చేరితే కాడి ఎడ్ల మెడల మీద కూలబడుతుంది. వెనక్కి చేరితే కాడి పైకి లేచి, మెడకు కట్టిన పట్టెడ గొంతు నొక్కుతుంది. రెండు వైపులా సమంగా ఉంటే, కాడి పూలబుట్టలా చేతికి లేస్తుంది.

సుంకన్న తండ్రి అలాగే చూసేవాడు. తాత అలాగే చూసేవాడు. సుంకన్నకు ఆ పరీక్ష మీద ఎంత నమ్మకమంటే, కాడి చేతికి తేలిగ్గా లేచిందంటే ఇక ఎవరు ఏం చెప్పినా చెవిన పెట్టేవాడు కాదు.

ఒకసారి వాగు ఒడ్డున బండ్లవాళ్ళంతా మజిలీ చేశారు. సుంకన్న బండి పక్కనే చాపలమ్మే నరసప్ప బండి ఆగింది. ఆ బండికి ముందువైపు కొత్తగా కొయ్య వసారా ఉంది. దారిలో మడిచి పెట్టుకోవచ్చు, ఆగినప్పుడు విప్పి కింద కూర్చోవచ్చు.

నరసప్ప ఆ వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, "ఏం సుంకన్నా, పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా వదినను ఇంకా కోడిగంపలోనే ఉంచావే!" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. తిప్పమ్మ కూడా నవ్వేసింది గానీ, సుంకన్నకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది.

తెల్లవారగానే వడ్రంగి దగ్గరికి పోయాడు.

"వసారా కడతాను, సరే. కానీ ముందు బరువు పడుతుంది. కాడి దిగిపోతుంది మరి," అన్నాడు వడ్రంగి.

సుంకన్న గడ్డం గోక్కున్నాడు. చటుక్కున అతనికో ఉపాయం తట్టింది. "దానికేముంది? ముందు ఎంత పెడితే వెనక అంత పెడదాం. వెనకవైపు ఒక ధాన్యప్పెట్టె బిగించు."

ముందు వసారా అమరింది. వెనక పెట్టె అమరింది. సుంకన్న కాడి ఎత్తి చూశాడు. ఎప్పటిలాగే పూలబుట్టలా లేచింది.

ఆ సాయంత్రం మేత దగ్గర కర్రి తలెత్తి, "అయ్యా, బండి బరువెక్కింది," అన్నాడు.

"ఎక్కడెక్కిందిరా? ఇదిగో, చూడు!" సుంకన్న చిటికెన వేలు దూర్చి కాడిని లేపి చూపించాడు. "ఈ వేలికి లేని బరువు నీ మెడకెక్కడిది?"

కర్రికి లెక్కలు రావు. ఛాతీలో పట్టేస్తోందని మాత్రం తెలుసు. వేలును చూశాడు, కాడిని చూశాడు, గడ్డిలో మూతి పెట్టాడు.

వానలు పట్టాయి. చెమ్మపట్టిన తొట్టి పలకల మీద పడుకుని పడుకుని తిప్పమ్మకు నడుము పట్టేసింది. లేవాలంటే ఒక చేయి నేలకు, ఒక చేయి మొగుడి భుజానికి ఆనించాల్సి వచ్చేది. సుంకన్న చూడలేకపోయాడు. ఈసారి ఎవరూ ఎగతాళి చెయ్యలేదు, ప్రేమే పురికొల్పింది. గూటి ముందుభాగంలో గొలుసులతో ఒక ఉయ్యాలమంచం వేలాడదీయించాడు. దానికి సరిపడా వెనక ఒక నీళ్ళపీపా కట్టించాడు.

తిప్పమ్మ మంచమెక్కి పడుకుంది. బండి కదిలితే మంచం ఊగింది. "ఏమయ్యో, మహారాణిని చేసేశావే నన్ను!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఎన్నాళ్ళకో ఆమె అలా నవ్వడం. సుంకన్న కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ నవ్వు విన్నాక కర్రికి ఆమెతో చెప్పుకోబుద్ధి కాలేదు. అయినా బురదలో చక్రం దిగబడిన రోజున ఇక తాళలేకపోయాడు.

"అమ్మా, నాకు చాతకావడం లేదమ్మా."

తిప్పమ్మ గబగబా దిగివచ్చి వాడి మెడ తడిమింది. ఎక్కడా కమిలి లేదు, ఎక్కడా పుండు లేదు. భర్తవైపు తిరిగి, "వీడేదో అంటున్నాడయ్యా. నీళ్ళపీపా తీసేద్దామా?" అంది.

"పీపా తీస్తే ముందు మొగ్గుతుందే. అప్పుడు నిజంగానే మెడ విరుగుతుంది. అదిగో, నువ్వే ఎత్తి చూడు."

తిప్పమ్మ కాడి పట్టుకుని ఎత్తింది. తేలిగ్గా లేచింది. ఆమె ఒక్క క్షణం కర్రి కళ్ళలోకి చూసింది. ఆ వెంటనే, మంచమెక్కడ తీసేయాల్సి వస్తుందోనని లోపల ఎక్కడో కాస్త భయపడింది. "తేలిగ్గానే ఉంది కదరా నాయనా," అని వాడి నుదురు నిమిరింది.

ఇంత మంచివాళ్ళకు ఎందుకు తెలియలేదు అని మీరు అడగవచ్చు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. కాడి నిజంగానే తేలిక. కానీ కాడి చెప్పేది, బరువు ముందుందా వెనకుందా అని. మొత్తం ఎంతుందో అది చెప్పదు. రెండు చివరలా సమంగా ఎన్ని బండరాళ్ళు పెట్టినా ఊగుడుబల్ల సమంగానే నిలుస్తుంది. ఆ రాళ్ళన్నీ లాగాల్సింది మాత్రం ఎద్దు.

వేసవి వచ్చింది. ఎర్రకనుమ అవతల పెద్ద తిరునాళ్ళ. పూసలమ్మేవాళ్ళకు ఏడాది బతుకంతా ఆ తిరునాళ్ళలోనే. ఈసారి అక్కడ తన బండిని చూసి అందరూ నోరు వెళ్ళబెట్టాలనుకున్నాడు సుంకన్న. పూసలు మెరిసేటట్టు ముందు అద్దాల గూడు పెట్టించాడు, చెక్కడపు తలుపులు బిగించాడు. వెనక రోలు, పొత్రం, రాతిపొయ్యి సర్దాడు. కాడి ఎత్తి చూశాడు. లేచింది.

ఈసారి కర్రి ఏమీ అనలేదు.

పుల్లడే అన్నాడు, "అయ్యా, కర్రి నిన్నటి నుంచి మేత ముట్టలేదు."

"ఎండకు అలాగే ఉంటుందిలేరా. చూశావా, వాడే ఏమీ అనడం లేదు. అలవాటైపోయింది," అన్నాడు సుంకన్న సంతోషంగా.

కనుమ మొదట్లో దారి మెల్లగా ఎక్కింది. గొలుసులు గలగలమన్నాయి, అద్దాలు తళతళమన్నాయి. వెనక వస్తున్న నరసప్ప, "సుంకన్నా, ఇది బండా, రాజుగారి మేడా!" అని కేకేశాడు. సుంకన్న మీసం దువ్వుకున్నాడు.

మూడో మలుపు దగ్గర దారి నిటారైంది. ఎప్పుడైతే బండి ముందుభాగం పైకి లేచిందో, వెనక కట్టిన పెట్టె, పీపా, రోలు, అన్నీ కలిసి వెనక్కి లాగాయి. చదును నేల మీద తేలిగ్గా ఉన్న కాడి ఒక్కసారిగా పైకి లేచింది. పట్టెడలు రెండు గొంతులకూ బిగిసిపోయాయి. పుల్లడి గిట్టలు గులకరాళ్ళ మీద జారాయి. బండి వెనక్కి కదిలింది. వెనక లోయ. లోపల ఉయ్యాలమంచం మీద తిప్పమ్మ.

"అమ్మా!" అని అరిచాడు కర్రి. ముందుకాళ్ళు మడిచి, మోకాళ్ళు రాళ్ళలో గుచ్చి, ఒళ్ళంతా ముందుకు వాల్చాడు. బండి ఆగింది.

సుంకన్న దూకి చక్రాల కింద రాళ్ళు నెట్టాడు. నరసప్ప పరుగెత్తుకొచ్చి గూట్లోంచి తిప్పమ్మను కిందికి లాగాడు. పట్టెడ కోసెయ్యండని అరిచారెవరో. సుంకన్న కర్రి మెడ కింది పట్టెడ కోశాడు.

కర్రి ముక్కుల్లోంచి నెత్తురు కారుతోంది. కళ్ళు మాత్రం దేన్నో వెతుకుతున్నాయి.

"అయ్యా, అమ్మ దిగిందా?"

"దిగిందిరా. దిగింది. ఇదిగో, నీ దగ్గరే ఉంది."

తిప్పమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. కర్రి ఆమె చీర వాసన చూశాడు, చిన్నప్పుడు జావ కోసం చూసినట్టు. తర్వాత ఆ తల బరువుగా వాలిపోయింది.

సుంకన్న వెర్రివాడిలా లేచాడు. ధాన్యప్పెట్టె విసిరేశాడు. పీపా దొర్లించేశాడు. తలుపులు, వసారా, మంచం పీకేశాడు, రోలు, పొత్రం, రాతిపొయ్యి, అద్దాల గూడు లోయలోకి తోసేశాడు. "లేరా కర్రిగా, తీసేశాను చూడు, అన్నీ తీసేశాను! లే నాయనా!" అంటూ ఒక్కొక్కటే చూపించాడు. నరసప్ప వచ్చి అతని చేతులు గట్టిగా పట్టుకునేదాకా ఆగలేదు.

ఆ మలుపులోనే గొయ్యి తవ్వారు. తిప్పమ్మ తన మంచం మీది బొంత తెచ్చి కర్రికి కప్పింది. "నాకు తెలిసిందయ్యా. వాడు చెప్పిన రోజే నాకు సగం తెలిసింది. ఆ మంచం మీద ఆశ కొద్దీ ఊరుకున్నాను," అంది.

ఇప్పుడు ఒక్క ఎద్దు మిగిలింది. కనుమలో బండి వదిలి పోలేరు కదా, అదే ఇల్లాయె. నరసప్ప తన ఎడ్లలో ఒకదాన్ని ఇస్తానన్నాడు. సుంకన్న తల అడ్డంగా ఊపాడు. తలపాగా చుట్ట చుట్టి భుజాన వేసుకుని, కర్రి నిలబడే కుడివైపు కాడి కింద తానే నిలబడ్డాడు.

భుజానికి కాడి ఎంతో తేలిగ్గా తగిలింది. ఎప్పుడూ చేతికి తగిలేటంత తేలిక.

"పద పుల్లడా," అన్నాడు.

పట్టుమని పది అడుగులు వేశాడో లేదో, ఛాతీ పగిలిపోయినట్టయింది. తొడలు వణికాయి. కళ్ళు చీకట్లు కమ్మాయి. ఊపిరి అందక కాడి పట్టుకుని నిలబడిపోయాడు. అతి కష్టం మీద పక్కకు తిరిగి అడిగాడు.

"ఏరా పుల్లడా, ఇంత బరువుంటుందా బండి?"

పుల్లడు అతని వైపు తల తిప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఇది ఖాళీ బండి అయ్యా."

సుంకన్న ఆ కాడి మీదే తల ఆనించి ఏడ్చాడు. పుల్లడు కదలకుండా నిలబడ్డాడు. ఆ ఏడుపు ఆగాక, మనిషీ ఎద్దూ కలిసి, తడవతడవకూ ఆగుతూ ఆ ఖాళీ బండిని కనుమ దాటించారు. వాళ్ళు చేరేసరికి తిరునాళ్ళ అయిపోయింది.

పిల్లలూ, మన సుఖం కోసం ఇంకొకరి మీద బరువు పెట్టేటప్పుడు, అది ఎంతుందో మన చేతితో ఎత్తి చూసుకుని తేల్చకూడదు. లాగేవాళ్ళు బరువని చెప్పిన మొదటిసారే నమ్మాలి.