వెనక సీటు

భ్రమరాంబ నలభై రోజులుగా రెండు పాత కార్ల మధ్య నలిగిపోతోంది.

రెండూ చిన్నవే. తెల్లదానికి పదకొండేళ్లు, ఎర్రదానికి పదమూడేళ్లు. ఆత్మకూరులో పాత బండ్లు అమ్మిపెట్టే ఓబులేసు షెడ్డులో పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. మెకానిక్కు రెండింటినీ విప్పి చూసి, బ్రేకులూ టైర్లూ గట్టిగానే ఉన్నాయి, ఏది తీసుకున్నా నడుస్తుందమ్మా అన్నాడు. ఆ మాటతో ఆమె దిగులు తీరకపోగా ఇంకా పెరిగింది. తెల్లది కాస్త ఆయిల్ తాగుతుంది. ఎర్రదానికి క్లచ్ బరువు, డోరు కింద తుప్పు. తెల్లది అనుకుని పడుకుంటే ఎర్రది అనుకుంటూ లేస్తోంది.

ఆమె భర్త రుద్రయ్యకు కిడ్నీలు పాడై ఏడాదిన్నర. వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం కర్నూలు పోయి రావాలి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నిటారుగా కూర్చునే ఓపిక కూడా ఉండదు. మొన్న మంగళవారం సీట్లోంచి పక్కకు ఒరిగిపోతే ఎవరో పట్టుకున్నారు. అందుకే కారు కొనాలనుకుంది. కానీ ఆ కారే నందికొట్కూరు దాటాక, నీడైనా లేనిచోట ఆగిపోతే? ఇంజిన్ వేడెక్కితే? ఆ ఎండలో ఈ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

చివరికి ఖాజా హుసేన్ దగ్గరికి పోయింది. ముప్పై ఏళ్లు బస్సు తోలి రిటైరైన మనిషి. ఇప్పుడు ఊళ్లో ఆడవాళ్లకు డ్రైవింగు నేర్పుతాడు. భ్రమరాంబ చేత మొదటిసారి స్టీరింగు పట్టించింది ఆయనే. నేర్చుకున్నవాళ్లంతా ఆయన్ను ఉస్తాద్ అంటారు.

"ఉస్తాద్, రెండింట్లో ఏది నడిమధ్యలో ఆగిపోదో మీరే చెప్పాల."

"తోలు, చూద్దాం," అన్నాడాయన.

ఓబులేసు ముందు తెల్లదాని తాళం ఇచ్చాడు. ఉస్తాద్ ముందు సీట్లో కూర్చోలేదు. వెనక డోరు తీసుకుని, ఆ చిన్న సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు.

కారు కదిలింది. ఆమె కళ్లు ఇంజిన్ వేడి చూపే సూది మీదే ఉన్నాయి. చెవులు బానెట్ కింద ఉన్నాయి.

"ఆ గరగర విన్నారా ఉస్తాద్?"

ఆమె తల ఇంకాస్త ముందుకు వంచింది.

"ఏదో కాలిన వాసన వస్తోంది కదా?"

బండి గుంతలో దిగి ఎగిరిపడినా ఆమె చూపు సూది మీంచి కదల్లేదు.

తిరిగొచ్చి ఎర్రదాన్ని తీశారు. అందులోనూ ఆయన అట్లాగే పడుకున్నాడు. క్లచ్ తొక్కినప్పుడల్లా ఆమె మోకాలు లాగుతోంది, గేరు మార్చినప్పుడల్లా బండి కుదుపుతోంది. డోరు కింద ఏదో కిర్రుమంటే ఆమె అటే చెవి పెట్టింది.

షెడ్డు ముందు దిగి, ఉస్తాద్ నెత్తి తడుముకున్నాడు.

"ఏది మేలు?" అంది ఆత్రంగా.

"రెండింట్లోనూ నా తల డోరుకు కొట్టుకునిందమ్మా."

ఆమె మొహం చిన్నబోయింది. "రోడ్డంతా గుంతలే కదా ఉస్తాద్."

"గుంతలు నువ్వు చూసినావా?"

ఆమె వచ్చిన దారి వైపు తిరిగి చూసింది.

"పా, రుద్రయ్యను పిలుచుకొద్దాం."

ఎర్ర కారే ఎదురుగా ఉంది కాబట్టి అందులోనే ఇంటికి పోయారు. రుద్రయ్య దిండు చంకలో పెట్టుకుని వచ్చాడు. "నాకేం తెలుస్తుంది కార్ల గురించి?" అని గొణుక్కుంటూ వెనక సీట్లో మెల్లగా ఒరిగాడు. ఈసారి ఉస్తాద్ ముందు కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మీటర్ల మీద కప్పాడు.

"ఉస్తాద్! వేడెక్కితే తెలీదు!"

"సూది సంగతి నేను చూసుకుంటా. నువ్వు తోలు."

మొదటి మలుపు దాకా కళ్లకు గంతలు కట్టినట్టే ఉంది. చూపు రెండుసార్లు తువ్వాలు మీదికి పోయి, ఏమీ దొరక్క వెనక్కి వచ్చింది. ఇక చూడటానికి రోడ్డు మిగిలింది. పైన, వెనక సీటు చూపే చిన్న అద్దం.

అద్దంలో రుద్రయ్య చేయి కనిపించింది. సీటు అంచును పట్టుకుని ఉంది. వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి.

ఎదురుగా గుంత. ఆమె వేగం తగ్గించి, ఒక చక్రం దింపి, తర్వాత రెండోది దింపింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండిని దాదాపు ఆపి ఎక్కించింది. క్లచ్ బరువుగానే ఉంది. మెల్లగా వదిలింది. మళ్లీ అద్దంలోకి చూసింది. చేయి కొంచెం వదులైంది.

కిర్రుమనే చప్పుడు ఉందో లేదో ఆమెకు తెలియలేదు. ఉస్తాద్ ఒకటి రెండుసార్లు తువ్వాలు అంచు ఎత్తి చూసి దించాడు. మార్కెట్ యార్డు, పెట్రోలు బంకు వెనకబడ్డాయి. ఆమె దారి చూస్తూ, అద్దం చూస్తూ తోలింది.

ఒకసారి చూసేసరికి ఆ చేయి సీటు మీంచి జారి గాల్లో వేలాడుతోంది. ఆమె ఉలిక్కిపడి కారు పక్కకు ఆపబోయింది. అప్పుడు వినిపించింది, సన్నటి గురక.

షెడ్డు ముందుకు రాగానే ఓబులేసు కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "ఏదమ్మా, ఖాయం చేసుకున్నారా?"

భ్రమరాంబ పెదాల మీద వేలు పెట్టుకుంది. "ఇదే," అంది గుసగుసగా. తాళం తిప్పబోయింది.

ఉస్తాద్ ఆమె చేతి మీద చేయి వేశాడు.

"ఆపొద్దమ్మా. ఇంకాస్త దూరం పోనీ."