లక్క వేసిన జాడీ

వెనకటికి వెనకటికి, మబ్బులు వీధుల్లోకి దిగి తిరిగే కాలంలో, ఒక కొండ కింద అత్తరు తీసే ఊరు ఉండేది.

ఆ ఊళ్ళో ఒకటే కట్టుబాటు. బుడ్డి నింపగానే మూత బిగించాలి. మూత చుట్టూ కరిగిన లక్క పొయ్యాలి. మూత వదులైతే సరుకు గాలిపాలు.

లక్క పొయ్యడంలో వకుళమ్మను మించినవాళ్ళు లేరు. "ఆవిడ లక్క పోస్తే చీమ ఏడుపు కూడా బయటికి రాదు" అని జనం నవ్వేవారు. అందరికన్నా ముందు ఆవిడే నవ్వేది.

ఒక ఏడు వానలతో పాటు జ్వరాలొచ్చాయి. వకుళమ్మ కొడుకులిద్దరూ పోయారు. ఏడేళ్ళ కూతురు తరళ ఒక్కతే మిగిలింది. వకుళమ్మ నవ్వడం మానేసింది. కిటికీలు మూసి, సందుల్లో లక్క పోసింది. పిల్లను గడప దాటనివ్వలేదు.

పిల్ల ఏమీ అడగలేదు.

ఒకనాటి పొద్దున సుక్రి వచ్చింది. అత్తరుకు కావలసిన వేళ్ళూ బెరళ్ళూ కొండమీది నుంచి తెచ్చే ముసలిది. ఆమె గంపలో ఒక బెరడు ముక్క, దాన్ని పట్టుకుని ఒక బుల్లి మొక్క. చిటికెనవేలి గోరంత ఆకులు. చిగురు చుట్టచుట్టుకుని, ముడుచుకు పడుకున్న పిల్లలా ఉంది.

"దీనికి మట్టి లేదేం?" అంది తరళ.

"చెట్టునెక్కి కూచుంటుంది బుజ్జీ. చెట్టును తినదు. మబ్బు తాగి బతుకుతుంది."

"నాతో ఇంట్లో ఉంటుందా?"

సుక్రి వకుళమ్మ వంక చూసింది. "గాజు జాడీలో పెడితే ఉంటుంది. జాడీకి మూత మాత్రం పెట్టకు వకుళమ్మా."

ఆ రోజు నుంచి తరళ పొద్దస్తమానం జాడీ మీద వంగి మొక్కతో మాట్లాడేది. తల్లి దగ్గరికొస్తే ఆపేసేది.

ఈ ఇంట్లో ఇంకేదీ చావకూడదు అనుకుంది వకుళమ్మ.

"వేరు గాల్లో ఉంటే అదేం బతుకు?" అని బెరడును మట్టిలో పూడ్చింది. మూడోనాటికి వేళ్ళు నల్లబడ్డాయి. "తియ్యమ్మా" అంది తరళ. తీసింది.

పూటకో చెంబు పన్నీరు పోసింది. ఆకులు మెత్తబడి రాలాయి. "చాలమ్మా" అంది తరళ. మానింది.

ఒకరోజు తరళ జాడీలోకి వంగి ఏదో చెబుతోంది. గుమ్మంలోంచి చల్లగాలి వచ్చింది. ఆకు వణికింది. వకుళమ్మ పరుగున వచ్చి, పిల్లను పక్కకి లాగి, మూత పెట్టేసింది. లక్క పోసింది.

"ఇంక లోపలికి ఏదీ రాదు" అంది.

తరళ నోరు తెరిచింది. మాట రాలేదు. చెబుతున్న మాట జాడీలోనే ఉండిపోయింది.

మర్నాడు గాజుకు ఆవిరి పట్టింది. ఆవిరి మీద చిన్న అరచెయ్యి గుర్తు. వకుళమ్మ కొంగుతో తుడిచింది. పోలేదు. ఆ గుర్తు లోపలివైపు ఉంది.

అప్పుడు జాడీ పలికింది. "అమ్మకి చెప్పకేం. నాకు వీధి చూడాలనుంది."

తరళ గొంతే. తరళ మాత్రం మూల కూచుని, పెదవి కదపకుండా, తల్లినే చూస్తోంది.

రెండోనాడు గొంతు సన్నబడింది. "అన్నయ్యలు ఏరీ అంటే అమ్మ ఏడుస్తుంది. అందుకే అడగను."

వకుళమ్మ భయపడి ఎదురింటి నాగశ్రేష్ఠిని పిలిచింది. ఊళ్ళో పెద్ద అత్తరు వర్తకుడు ఆయన. జాడీకి చెవి ఆనించి విన్నాడు.

"పిల్ల గొంతు ఇందులో ఉందమ్మా. మూత తీస్తే అత్తరు ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? తియ్యకు. లోపలే ఉంటే, వినడానికైనా ఉంటుంది."

మూడోనాడు మాటలు లేవు. ఊపిరి ఒక్కటే. జాడీలో ఊపిరి ఆగినప్పుడల్లా తరళ రొమ్ము ఆగుతోంది. అది కదిలితే ఇది కదులుతోంది. చిగురు గోధుమరంగుకు తిరిగింది.

లక్క కరిగించడానికి వకుళమ్మ కత్తి కాల్చింది. కూతురి ముందు కూలబడింది.

"తల్లీ, మూత తీస్తే నువ్వు పోతావేమోనని భయం. నా భయానికి నీ మీద లక్క పోశాను. తప్పు నాదే. తియ్యనా?"

ఇన్నాళ్ళలో ఆమె పిల్లను ఒక మాట అడగడం అదే మొదలు. తరళ తలూపింది.

లక్క కరిగింది. మూత లేచింది. తడి బెరడు వాసన వచ్చింది. చల్లగా ఏదో వకుళమ్మ చెంపను రాసుకుంటూ గుమ్మం వైపు వెళ్ళిపోయింది.

వీధిలో మబ్బు దిగి ఉంది. ఆ మబ్బులోంచి వినిపించింది.

"అమ్మా!"

తరళ గొంతు. తరళ పక్కనే, నోరు మూసుకుని నిలబడి ఉంది. గొంతు దూరమవుతోంది. పిల్ల దానివైపు అడుగేసింది.

వకుళమ్మ చెయ్యి పిల్ల భుజం మీద ఉంది. ఒక్కొక్క వేలే తీసింది. తరళ గడప దాటింది. మబ్బు మూసుకుంది.

"పట్టుకోవమ్మా, పోతోంది!" అని ఎదురింటి అరుగు మీంచి నాగశ్రేష్ఠి అరిచాడు.

వకుళమ్మ కదల్లేదు. పిలవలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. అంత కష్టమైన పని ఆమె ఎన్నడూ చెయ్యలేదు.

ఎంతసేపటికో మబ్బులో చిన్న అడుగుల చప్పుడైంది. తరళ వచ్చి నోరు తెరిచింది. ఈసారి గొంతు ఆ నోట్లోంచే వచ్చింది.

"అమ్మా, చలేస్తోంది. శాలువా ఇయ్యి. ఇంకాసేపు ఆడుకుని వస్తా."

వకుళమ్మ శాలువా ఇచ్చింది. మళ్ళీ వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

పిల్లలూ, పెద్దలూ వినండి: ఏ ప్రాణిని కాపాడాలన్నా, ముందు దానికి ఊపిరాడే చోటు వదలాలి.