కొండకు క్షవరం

మేఘగిరి రాజు వీరముకుందుడికి ఓ పొద్దున కిటికీలోంచి చూస్తే ఎదురు కొండ జులపాలు పెంచుకున్నట్టు కనబడింది.

"ఆ పొదలేమిటి, ఆ గడ్డేమిటి? చూడలేకపోతున్నాం!" అన్నాడు.

"సెలవివ్వండి ప్రభూ! కొండకు నున్నగా క్షవరం చేయించి, వరసగా గులాబీలు నాటిస్తాను," అన్నాడు తోటల అధికారి రంగశాయి.

కొలువులో ధాన్యం కొలిచే పైడెన్న గబగబా ముందుకొచ్చాడు. ఆ కొండ వాలులో మెట్లు మెట్లుగా చేలు, కింద నలభై గడపలు. అందులో ఒకటి అతని అక్కది. వానలకింకా పన్నెండు రోజులే!

"ప్రభూ, గడ్డి చెక్కేస్తే మొదటి వానకే కొండ జారి ఇళ్ల మీద పడుతుందని రైతులు మొత్తుకుంటున్నారు."

"కుంచం పట్టేవాడికి కొండల సంగతెందుకోయ్?" అని రంగశాయి వెక్కిరించాడు. "దిమ్మిసతో నాలుగు దెబ్బలేస్తే మట్టి ఎక్కడికీ పోదు!"

పందెమంటే రాజుకు పండగ.

"అయితే ఇద్దరూ ఆ కొండ మట్టితో మూరెడెత్తు గోడ కట్టి తెండి. రాయి, కర్ర, సున్నం కలపకూడదు. ఎనిమిదో రోజున మేమే బిందెడు నీళ్లు పోస్తాం. ఎవరి గోడ నిలిస్తే కొండ విషయంలో వారి మాటే చెల్లుతుంది!"

పైడెన్న మనసులో లెక్క కట్టాడు. ఆరు రోజులు చాలు, ఒకటి మిగులు కూడా! ఎగురుకుంటూ ఇంటికి పోయాడు.

ఎనిమిదో రోజు రంగశాయి గోడ అద్దంలా మెరుస్తూ వచ్చింది. రాజు బిందె వంచాడు. సగం బిందెకు గోడ దర్జాగా నిలబడింది. ముప్పావు బిందెకు కడుపు ఉబ్బింది. ఆఖరి చెంబెడుకు జర్రున జారి రంగశాయి పట్టుపంచె మీద కూలబడింది.

పైడెన్న గోడ మాత్రం ఒళ్లంతా పచ్చటి నూగుతో ఉంది. కిందినుంచి నీళ్లు కారాయి గాని మట్టి కదల్లేదు. రాజు ముచ్చటపడి రెండో బిందె పోశాడు, మూడోదీ పోశాడు. ఊహూఁ!

రంగశాయి దగ్గరికొచ్చి గోడను గిల్లి చూశాడు.

"మోసం ప్రభూ! వీడు మట్టిలో రాగులు మొలకెత్తించాడు! వేళ్లు అల్లుకుని పట్టుకుంటే మట్టి ఎలా జారుతుంది? ఆ వేళ్లు పీకించి నీళ్లు పోయండి, క్షణంలో కూలకపోతే నా పేరు మార్చుకుంటాను!"

పైడెన్న చేతులు జోడించాడు.

"రైతుల మొరా అదే ప్రభూ. పాపం, వాళ్లకు అధికారిగారంత బాగా చెప్పడం రాలేదు!"

సభ గొల్లుమంది. రాజు కడుపు పట్టుకుని నవ్వుతూనే మెడలో హారం తీసి పైడెన్న మెడలో వేశాడు.

"కొండ మీద గడ్డిపరక కూడా ముట్టుకోవద్దు! రంగశాయీ, నీ గులాబీలు కుండీల్లో పెట్టుకో!"