సీటు మీది తువ్వాలు

"నడవని ప్రోగ్రాము, నేను నడుస్తూనే ఉన్నానని ఎందుకంటుంది మాస్టారూ?"

ఈ ప్రశ్న అడిగేటప్పుడు నీలవేణి గుమ్మం బయటే నిలబడి ఉంది, చెప్పులు విప్పలేదు. మర్యాద తెలియక కాదు. విజయనగరంలో అప్పలస్వామి మాస్టారి దగ్గర సర్వర్ల పని నేర్చుకున్నవాళ్ల మధ్య ఒక మాట చలామణీలో ఉంది: మాస్టారిని డౌటు అడగాలంటే చెప్పులు వేసుకునే అడగాలి. ఆయన జవాబు చెప్పరు. అడిగినవాళ్లను వెంటబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి బయల్దేరతారు. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఇక పాఠం చెప్పనని ఒట్టు పెట్టుకున్నారని కొందరూ, మోకాళ్లకు నడక మంచిదని డాక్టరు చెప్పాడని కొందరూ అనేవారు. ఒకతను తన సర్వరు ఎందుకు మందగిస్తోందని అడిగితే, గంటస్తంభం దగ్గర ఒక ఇడ్లీ హోటలుకు తీసుకుపోయారట. అక్కడ ఇడ్లీలు కావలసినన్ని ఉన్నాయి, కడిగిన ప్లేట్లు లేవు. అరగంట నిలబడ్డారు. అతనికి జవాబు దొరికిందో లేదో గానీ ఆకలి మాత్రం బాగా వేసిందని ఇప్పటికీ చెబుతాడు.

నీలవేణి బొబ్బిలిలో ఒక రక్తదాతల సంఘానికి సర్వరు చూస్తుంది. తలసీమియా ఉన్న పిల్లలకు మూడు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి రక్తం ఎక్కించాలి. ఆ రక్తం ఇచ్చే రెండు వేల మంది పేర్లు, గ్రూపులు, ఎవరు ఆఖరుసారి ఎప్పుడు ఇచ్చారో ఆ తేదీలు, అన్నీ ఆ సర్వరులోనే ఉన్నాయి. తేదీ చూడకుండా పిలిస్తే మొన్న ఇచ్చినవాడే మళ్లీ వస్తాడు, వచ్చినవాణ్ని దణ్ణం పెట్టి వెనక్కి పంపాలి. దాచుకున్న నకలు ఒకటి ఉంది గానీ అది రెండు నెలల కిందటిది. ఆ తర్వాత మూడు శిబిరాలు జరిగాయి. గురువారం పదకొండు మంది పిల్లల వంతు. ఇవాళ మంగళవారం. దాతలకు ఫోన్లు చెయ్యవలసిన కార్యదర్శి పాపారావు గారు నిన్నటి నుంచి ఫోను ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు.

సంఘానికి సొంత యంత్రం లేదు. ఒక కంపెనీవాళ్ల పెద్ద యంత్రంలో ఒక వాటా అద్దెకు తీసుకున్నారు. యంత్రం మంచిచెడ్డలు కంపెనీవి, వాటాలో నడిచే ప్రోగ్రాము నీలవేణిది. అద్దె ఇళ్లలో బతికినవాళ్లకు ఇదేమీ కొత్త ఏర్పాటు కాదు. మెట్ల మీద దీపం ఇంటివాళ్లది, గదిలో దీపం మనది, మీటరు బోర్డు మీద మాత్రం చెయ్యి వెయ్యకూడదు. ఆదివారం ఏదో మరమ్మతని కంపెనీవాళ్లు ఆ యంత్రాన్ని ఉన్నపళాన ఆపి మళ్లీ వేశారు. యంత్రం లేచింది. సంఘం ప్రోగ్రాము లేవలేదు. లేపినప్పుడల్లా, జరిగింది జరిగినట్టు రాసుకునే తన లాగ్ ఫైల్లో ఒకే వాక్యం రాసి మళ్లీ పడుకునేది: 'ఇప్పటికే ఒకటి నడుస్తోంది, రెండోదాన్ని మొదలుపెట్టను.' నీలవేణి సెట్టింగులు మార్చింది, మళ్లీ పాతవే పెట్టింది, ప్రోగ్రామును కొత్తగా ఎక్కించింది. కంపెనీకి ఆరు ఫిర్యాదులు పంపింది. ఆరింటికీ ఒకటే జవాబు వచ్చింది, మా వైపు అంతా సవ్యంగానే ఉందని. మరీ మర్యాదగా రాశారు కాబట్టి తిట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

ప్రోగ్రాము మొదలవగానే, ఇంకొకటి లేవకుండా గుర్తుగా ఒక చిన్న ఫైలు పెట్టుకుంటుందనీ, ఆగేటప్పుడు తనే తీసేస్తుందనీ, దాన్ని తాళం ఫైలంటారనీ ఆమెకు తెలుసు. ఆ ఫైలు ఇంకా అక్కడే ఉండటం చూసింది కూడా. ముట్టుకోలేదు. సంఘం ఆఫీసులో కంప్యూటరు పైన గోడకు ప్లాస్టిక్ తొడుగులో ఒక కాగితం ఉంది: 'తాళం ఫైలును ఎవరూ ముట్టరాదు.' రెండేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన రోజునే పాపారావు గారు దాన్ని చూపించి, ఇంకేం చేసినా చెయ్యమ్మా, దీని జోలికి మాత్రం పోకని చెప్పారు. సంఘంలో మనుషులు మారారు, ఆఫీసు మారింది, కాగితం మాత్రం వెంట వచ్చింది. ప్రతి దసరాకూ ఆయుధపూజ నాడు కంప్యూటరుకూ ప్రింటరుకూ పసుపు కుంకుమలు పెట్టి, వేలికి మిగిలింది ఆ కాగితానికీ పెట్టేవారు. పైఅంచున ఏళ్ల తరబడి పెట్టిన బొట్లు పెచ్చు కట్టి ఉన్నాయి.

ఇదంతా మాస్టారు గుమ్మంలో నిలబడే విన్నారు. విని, ఒక్కటే అడిగారు, ఆ కాగితం మీద సిరా ఏ రంగని. పిల్లల ప్రాణం మీదికి వచ్చిన వేళ సిరా రంగు దేనికో నీలవేణికి అర్థం కాలేదు. ఆకుపచ్చని చెప్పింది. మాస్టారు "ఊఁ" అని గొడుగు అందుకున్నారు. "బొబ్బిలి పోదాం పదమ్మా. ఆ కాగితం చూడాలి."

ఇక్కడ బస్సు సీటుకు తువ్వాలు వెయ్యడం గురించి కొంత చెప్పుకోవాలి. బస్సు స్టాండులోకి మలుపు తిరుగుతూండగానే కిటికీలోంచి ఒక గుడ్డ లోపలికి విసిరితే ఆ సీటు విసిరినవాడిదవుతుంది. ఏ చట్టంలోనూ ఈ మాట లేదు. తువ్వాలే అక్కర్లేదు, జేబురుమాలు చాలు, పేపరు చాలు. వెనకటికొక పెళ్లివారి గుంపులో ఒకాయన ఎడమకాలి చెప్పు సీటులోకి విసిరి, కుడికాలి చెప్పుతో తలుపు దగ్గర తోపులాటలో నిలబడ్డాడట. ఆ చెప్పును కూడా జనం గౌరవించారు. జానెడు గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే చోట, ముక్కూ మొహం తెలియని మనిషి గుడ్డకు ఇంత మన్నన దొరకడం మంచిదే. కాదనేవాళ్లు లేరు.

ఆ రోజు బొబ్బిలి మీదుగా పోయే పార్వతీపురం బస్సు కిటకిటలాడుతోంది. డ్రైవరు వెనక రెండో వరసలో కిటికీ పక్క సీటు ఒక్కటే ఖాళీ. దాని మీద ఎర్రంచు తెల్ల తువ్వాలు పరిచి ఉంది. పక్క సీట్లో కూర్చున్న మీసాలాయన, ఎవరూ అడక్కముందే, ఆ సీటుకు మనిషున్నాడని, టీకి దిగినట్టున్నాడని చెప్పాడు. మాస్టారూ నీలవేణీ నిలబడ్డారు. వాళ్ల పక్కన ఒక మామ్మ మూట కాళ్ల దగ్గర పెట్టుకుని, ఒక మోకాలి మీద బరువు ఆనించలేక కడ్డీ పట్టుకుని వేలాడుతున్నట్టు నిలబడింది. బస్సు కదిలింది. టీ తాగడానికి దిగినవాడు ఎక్కాడో లేదో ఎవరూ చూడలేదు. దారిలో ఎక్కినవాళ్లు ఆశగా ఆ సీటు దగ్గరకు రావడం, ఇద్దరు ముగ్గురు ఒక్కసారే "మనిషున్నాడు, మనిషున్నాడు" అనడం, వచ్చినవాళ్లు నొచ్చుకుని వెనక్కి జరగడం, ఇదే వరస. గజపతినగరంలో ఎక్కిన ఒకావిడ అటు చెయ్యి చాపితే నీలవేణే, "ఆ సీటుకి మనిషున్నాడండీ" అంది. అన్నాక ఆమెకేమీ అనిపించలేదు. మాస్టారు మాత్రం తల తిప్పి ఆమె వంక ఒకసారి చూశారు.

గజపతినగరం దాటి ఇంకో నాలుగైదు మైళ్లు పోయాక ఆయన గొంతు సవరించుకుని, ఈ తువ్వాలు ఎవరిదని డ్రైవరు వైపు తిరిగి అడిగారు. ఎవరూ పలకలేదు. వెనక్కి తిరిగి, ఇంకాస్త గట్టిగా, క్లాసులో ఆఖరి బెంచీకి వినపడేటట్టు అడిగారు. అక్కడా ఎవరూ పలకలేదు. ఒక ఊళ్లో బస్సు ఆగినప్పుడు తలుపు దాకా పోయి, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాళ్లనూ అడిగి వచ్చారు. అప్పటికి బస్సులో అందరూ మెడలు చాచి ఆ తువ్వాలును కొత్తగా చూస్తున్నారు.

"నానెక్కీసరికే ఉంది బాబూ," అన్నాడు మీసాలాయన, నేరం తన మీదికి వస్తుందేమోనని. "మనిషున్నాడని ఎవులో అంటే నానూ అన్నాను."

కండక్టరు ఆడమనిషి. టిక్కెట్ల మిషను చంకలో పెట్టుకుని సందులో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. బస్సంతా ఒకసారి వేలితో లెక్కపెట్టి, మిషనులో చూసుకుంది. "ఉన్నోళ్లు అరవై రెండు, టిక్కెట్లు అరవై రెండు. ఈ తువ్వాలుకి టిక్కెట్టు నేదు."

జనం నవ్వారు. మామ్మ నవ్వలేదు. ఆ బాబొచ్చి నా సీటేదని అడిగితే ఏటి సెప్పనని ఆమె భయం. కండక్టరు ఆమె మూట తనే అందుకుని, "బస్సెనకాల ఇంత దూరం పరిగెట్టుకొచ్చినోడికి సీటెందుకు మామ్మా, పతకమిప్పిద్దాం. ముందు నువ్వు కూసో," అంది.

మాస్టారు ఆ తువ్వాలును దులిపి, నాలుగు మడతలు పెట్టి, డ్రైవరు వెనక కడ్డీకి వేశారు. మామ్మ కూర్చుని, కాలు చాపుకుని, రామభద్రపురం రాకముందే నిద్రపోయింది. ఈ మాట ఎక్కగానే అడిగితే నాకూ కాళ్లు మిగిలేవి కదా అని నీలవేణి మెల్లిగా దెప్పింది. అప్పుడా మనిషి నిజంగానే టీ తాగుతూ ఉండొచ్చన్నారు మాస్టారు. "అప్పుడు తీస్తే దౌర్జన్యం. ఇప్పుడు తియ్యకపోతే..." అని, మాట అక్కడే ఆపి కిటికీలోంచి చెరుకు తోటలు చూడసాగారు.

ఆఫీసుకు చేరగానే ఆమె తాళం ఫైలు దగ్గరకు పోలేదు. సంఘం వాటాలో ప్రస్తుతం ఏమేం నడుస్తున్నాయో చూపించే పేజీ ఒకటి కంపెనీవాళ్లు ఇచ్చారు, దాన్ని తెరిచింది. తన ప్రోగ్రాము పేరు అందులో లేదు. పది నిమిషాలు ఆగి మళ్లీ చూసింది. అప్పుడూ లేదు. అప్పుడు కంపెనీకి ఏడో ఉత్తరం రాసింది. ఇది ఫిర్యాదు కాదు, ప్రశ్న: మాకు కనపడకుండా మీ వైపు మా ప్రోగ్రాము ఏదైనా నడుస్తోందా? జవాబు పావుగంటలో వచ్చింది, ఈసారి కొత్త జవాబు. ఆదివారం యంత్రాన్ని ఆపినప్పుడు అది అర్ధాంతరంగా ఆగిపోయిందనీ, ఆ తర్వాత మీది ఏదీ నడవలేదనీ. నీలవేణి మౌసు మీద చెయ్యి వేసింది. పాపారావు గారు కుర్చీలోంచి లేచి, వేలితో గోడ మీది కాగితం చూపించారు. ఆమె తాళం ఫైలును చెరపలేదు. పేరు మార్చి, పక్కన ఇంకో చోట పెట్టింది. ప్రోగ్రామును లేపింది.

మూడు రోజుల్లో మొదటిసారి లాగ్ ఫైల్లో రెండో వాక్యం పడింది. తర్వాత మూడోది. కాసేపటికి రెండు వేల పేర్లూ, వాటి పక్కన తేదీలూ తెర మీదికి వచ్చాయి. పాపారావు గారు కళ్లజోడు పెట్టుకుని, దొరకడం కష్టమైన గ్రూపుతో మొదలుపెట్టారు. మొదటి ముగ్గురూ కుదరదన్నారు. నాలుగోవాడు లారీ డ్రైవరు, రాయగడలో ఉన్నాడు, రేపు సాయంత్రానికి వచ్చి వాలతానన్నాడు. పాపారావు గారు టిక్కు పెట్టుకుని ఐదో నంబరు నొక్కారు.

ఊపిరి తీసుకున్నాక నీలవేణికి కోపం వచ్చింది. రెండు రోజులు ఒక కాగితం ముక్కకు భయపడిందన్న కోపం. దీన్ని ఎవరు రాశారో తెలిస్తే ముందే అడిగి ఉండేదాన్నని అంది. తాను వచ్చి ఐదేళ్లయిందనీ, అప్పటికే గోడ మీద ఉందనీ, పెద్దలెవరో రాసే ఉంటారనీ పాపారావు గారు ఫోను చేత్తో మూసి చెప్పారు.

మాస్టారు కాగితం దగ్గరకు పోయి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, పైఅంచున పెచ్చు కట్టిన కుంకుమను గోటితో గీకారు. ఎండిన పసుపూ కుంకుమా పొడిపొడిగా ఆయన చొక్కా మీద రాలాయి. దాని కింద ఆకుపచ్చ సిరాతో ఇంకో వరస బయటపడింది: 'ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు.' దాని కథ మాస్టారే చెప్పారు. తొమ్మిదేళ్ల కిందట ఈ సంఘంలోనే ఒకతను, ప్రోగ్రాము నడుస్తూ ఉండగానే తాళం ఫైలు తీసేసి రెండోదాన్ని లేపాడట. ఒకే పుస్తకంలో ఇద్దరు ఒకేసారి రాసినట్టయి, నాలుగు వందల పేర్లు ఎందుకూ పనికిరాకుండా పోయాయట. బాగుచెయ్యమని పిలిస్తే వచ్చిన మనిషెవరో ఆ రోజు కోపంలో జేబులో ఉన్న కలంతో ఈ రెండు వరసలూ రాసి గోడకు కొట్టారట. గెజిటెడు అధికారులు ఆకుపచ్చ సిరాతో సంతకాలు చేస్తారని నీలవేణికి అప్పుడు గుర్తొచ్చింది. పాలిటెక్నిక్‌లో మాస్టారు ఏ హోదాలో రిటైరయ్యారో కూడా గుర్తొచ్చింది. ఆమె ఆయన వంక చూసింది.

మాస్టారు చొక్కా మీది కుంకుమ దులుపుకుంటూ అన్నారు: "నేను విజయనగరంలోనే ఉన్నాను. తొమ్మిదేళ్లూ బొట్టు పెట్టారు గానీ, ఒక్కరూ అడగలేదమ్మా."